పాకం పళ్ళెంతో పరుగు

ఈమధ్య మా ఊరి బస్టాండు దగ్గర మిఠాయి కొట్లో అరిసెలు అమ్ముతున్నారు. ప్లాస్టిక్ డబ్బాలో ఆరు, మూతకి ఎర్ర రిబ్బను. పోయిన డిసెంబరులో మా ఆడపడుచు ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, "ఎందుకొదినా ఇంకా ఈ చాకిరీ, హాయిగా కొనుక్కోక" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా మర్యాదకి ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాను. బెల్లం ఉంది, నెయ్యి వాసన ఉంది, పాకం మాత్రం లేదు. పాకం కుదరని అరిసె అరిసెట్లా అవుతుంది, నా మొహం! ఆ మాటే పైకి అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుంది. ముడుచుకుంటే ముడుచుకోనీ. పాకం కోసం నేను పడ్డ ఏడుపు ఆవిడకేం తెలుసు.

మాది పత్తి చేలకీ మిరప చేలకీ మధ్య ఉన్న చిన్న టౌను. టౌను అనేది మాటకే. జిన్నింగు మిల్లూ, ఒక సినిమా హాలూ, సంతబజారూ తీసేస్తే మిగిలేది పల్లెటూరే. నాన్న ఆ మిల్లులో పత్తి బేళ్ళు మోసేవాడు, అమ్మ పత్తి తీతకి, మిరప కోతకి వెళ్ళేది. మా వీధి చివర చర్చి. పండగంటే మాకు క్రిస్మసే, వేరే పేరక్కర్లేదు. డిసెంబరు సగంలో పడిందంటే ఇళ్ళ మీద కాగితం నక్షత్రాలు లేచేవి, పిండిమిల్లు ముందు తడిబియ్యం గిన్నెలు వరస కట్టేవి. నూనెలో పిండి గులాబీ పూలు వేసే ఇనప అచ్చు వీధి మొత్తానికి ఒకటే ఉండేది. అది ఇల్లిల్లూ తిరిగేది. దాంతోపాటు ఇల్లిల్లూ తిరిగే మనిషి మా అమ్మ.

అరిసెల్లో కష్టమంతా పాకంలోనే ఉంది. బెల్లం కరిగి, నురుగు లేచి, తెడ్డుకి చిక్కగా పట్టే వేళకి ఒక బొట్టు తీసి నీళ్ళ పళ్ళెంలో వేస్తారు. ఆ బొట్టుని వేళ్ళతో దగ్గరికి లాగితే మెత్తటి ఉండ కావాలి. అప్పుడే గిన్నెలో తడిపిండి పొయ్యాలి. కాస్త ముందు పోస్తే అరిసె నూనెలో విచ్చిపోతుంది. కాస్త ఆలస్యమైతే రాయి. మధ్యలో ఉన్న గడువు ఎంతసేపో తెలుసా? కొంగు సర్దుకునేంత. మంట తగ్గించి నిదానంగా చూసుకోవచ్చుగా అని మీరనొచ్చు. అమ్మ ముందు ఆ మాటంటే తెడ్డు పుచ్చుకునేది. నురుగు లేచాక మంట జోలికెళ్తే పాకం చచ్చిపోతుందని ఆమె నమ్మకం. ఆమె నమ్మితే వీధంతా నమ్మినట్టే.

అమ్మ పళ్ళెం వైపు చూసేది కాదు. మొహం పక్కకి తిప్పుకుని వేళ్ళ కొసలతో నీళ్ళలో తడిమేది. పత్తి కాయల అంచులు గీరుకుని గీరుకుని ఆ వేళ్ళు ఎంత గరుకంటే, నా తల నిమిరితే వెంట్రుకలు తగులుకునేవి. ఆ వేళ్ళకి ఏం తెలిసేదో ఏమో! ఆడవాళ్ళంతా పిండి పళ్ళేలు పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. అమ్మ ఉన్నట్టుండి "పొయ్!" అనేది. ఎదురుగా ఉన్నది బళ్ళో టీచరమ్మైనా, మా చర్చి అయ్యగారి భార్యైనా సరే, "పొయ్!" అంతే. మర్యాదలకి టైమెక్కడిది? తర్వాత నాలుక కరుచుకుని "పొయ్యండమ్మా" అని సర్దుకునేది. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు.

సంక్రాంతికి మాత్రం సంగతి వేరు. అమ్మ ఎవరి చేలో పత్తి తీసేదో ఆ ఆసామి ఇల్లు పై వీధిలో ఉండేది. ఆ ఇంటావిడకి అమ్మ పాకం కావాలి, అమ్మ మాత్రం వంటింట్లోకి రాకూడదు. ఎందుకు రాకూడదో ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు, ఎవరం నోరు విప్పేవాళ్ళం కాదు. అమ్మ దొడ్డిగోడ బయట నిలబడేది. ఆవిడ లోపల్నుంచి పళ్ళెంతో పరిగెత్తుకొచ్చి గోడ మీద పెట్టేది. అమ్మ వేలు ముంచి "ఇక వెళ్ళి పొయ్యండి" అనేది. ఆవిడ మళ్ళీ లోపలికి పరుగు. అరిసెలు బ్రహ్మాండంగా కుదిరేవట. ఓ నాలుగు గోడ మీదుగా మాకొచ్చేవి. నాన్న తినేవాడు, నేనూ తినేదాన్ని. అమ్మ ముట్టుకునేది కాదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, తొంభైల చివర్లో, అమ్మకి జబ్బు చేసింది. గర్భసంచిలో గడ్డ. చేలో రక్తం పోతున్నా నడుముకి గుడ్డ బిగించుకుని నెలల తరబడి పత్తి తీసిందట, మహాతల్లి. గుంటూరు తీసుకెళ్తే కరెంటు పెట్టారు. రేడియేషన్‌ని మావాళ్ళంతా అట్లాగే అనేవాళ్ళు. నవంబరులో ఒకరోజు డాక్టరు నాన్నని పక్కకి పిలిచి చెబుతుంటే నేను స్తంభం వెనక నిలబడి విన్నాను. "ఇంటికి తీసుకెళ్ళండి. పండగ దాకా ఉంటే గొప్ప" అన్నాడాయన. నాన్న "ఏ పండగండీ?" అని అడిగాడు. ఇంతకన్నా వెర్రి ప్రశ్న ఉంటుందా! కానీ నాకూ అదే తెలియాలి. క్రిస్మసా, సంక్రాంతా, ఉగాదా? డాక్టరు అప్పటికే పక్క వార్డులోకి వెళ్ళిపోయాడు. నాన్న అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు.

బస్సులో ఇంటికొస్తుంటే నన్ను పట్టుకుంది పిచ్చి. అమ్మ పోతుంది. అమ్మతోపాటు ఆ పాకమూ పోతుంది. అమ్మని ఆపడం నా వల్ల కాదు, పాకాన్నైనా ఆపాలి. పదమూడేళ్ళ పిల్లకి ఇదేం బుద్ధి అంటారా? పట్టుకోవడానికి నాకింకేం దొరికిందో మీరే చెప్పండి.

ఇంటికి రాగానే అడిగాను. "అమ్మా, నాకు పాకం నేర్పమ్మా."

మంచం మీద పడుకున్న మనిషి తల తిప్పి నా వంక చూసింది. "ఎందుకే? నేను పోతానని ఎవరన్నా చెప్పారా?"

"లేదమ్మా."

"అయితే నోర్మూసుకుని చదువుకో. నేను బతికుండగా నా పాకం నీకెందుకు?"

నాయనమ్మ నన్ను రెక్క పట్టుకుని దొడ్లోకి లాక్కెళ్ళింది. "అది నేర్పమని అడగమాకే, నీకు దణ్ణం పెడతాను. నేర్పిందంటే పోతున్నానని ఒప్పుకున్నట్టే కదే" అంది. నాన్న తల్లి ఆవిడ. కోడల్ని తిట్టని రోజు లేదు, ఆ నెల్లో మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని తిరిగేది. ఇక నేనేం చెయ్యను? అడిగితే అమ్మ గుండె పగులుతుంది, అడక్కపోతే నాది. అయ్యగారు వచ్చి అమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. స్వస్థత కోసం అందరూ ఏడ్చారు. నేను కళ్ళు మూసుకుని పాకం కోసం ఏడ్చాను. ఆ పాపం ఇప్పటికీ నా ఒంటి మీదే ఉంది.

డిసెంబరొచ్చింది. నూనె వాసనకి అమ్మకి వాంతి, పొగకి దగ్గు. అందుకని మంచం ముందు వరండాలో వేశాం. వీధిలో అందరికీ పాకం భయం పట్టుకుంది గానీ, అడిగే మొహం ఎవరికీ లేదు. చివరికి పక్కింటి పెద్దమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుని, "నీ వేలు పడకుండా పండగేంటే తల్లీ" అని కళ్ళొత్తుకుంది. అమ్మ కళ్ళు ఒక్కసారి వెలిగాయి.

"పళ్ళెం ఇక్కడికి పంపించక్కా, చెబుతాను" అంది. తీసుకొచ్చేది ఎవరని పెద్దమ్మ అడక్కముందే నా వైపు చూసింది.

మొట్టమొదట పిండి కలిపింది వీధి చివర మూలింట్లో. ఆ ఇంటి అత్త బొట్టు వేసిన పళ్ళెం నా చేతికిచ్చింది. నీళ్ళు ఒలుకుతాయని రెండు చేతులా పట్టుకుని జాగ్రత్తగా నడిచొచ్చాను. అమ్మ వేలు ముంచి "పొయ్యమను" అంది. అంతే జాగ్రత్తగా నడిచెళ్ళి చెప్పాను. ఆ సాయంత్రం మూలింటత్త ఒక అరిసె పట్టుకొచ్చి మంచం పట్టె మీద కొట్టింది. టక్కుమని మోగింది. "ఇదేంటొదినా, దీన్ని తినాలా, గోడ కట్టుకోవాలా?" అని నవ్వబోయింది.

అమ్మ నా వైపు తిరిగింది. "నడిచొచ్చావా?"

"నీళ్ళు ఒలుకుతాయనీ..."

"ఒలికితే ఒలకనీయే! నీ దుంపతెగ, అక్కడ పాకం మరిగి చస్తుంటే పెళ్ళికూతురిలా నడిచొస్తావా? పరిగెత్తు! కాళ్ళు లేవూ నీకు?"

నెల రోజులుగా గొంతు పైకి లేవని మనిషి వీధి చివరికి వినబడేట్టు అరిచింది. నాకు ఏడుపు రాలేదు, ఎగిరి గంతెయ్యాలనిపించింది. తిట్టే ఓపికుందంటే బతుకుతుందేమో! ఆ క్షణం నిజంగా అట్లాగే అనుకున్నాను.

ఆ తర్వాత పరుగే పరుగు. పక్కింటికి, టీచరమ్మ ఇంటికి, చర్చి వెనక అయ్యగారింటికి, మళ్ళీ మూలింటికి. గౌను తడిసిపోయేది, మోకాళ్ళ మీద బెల్లం నీళ్ళు కారి చీమలు పట్టేవి. అమ్మ ఒకోసారి వేలు ముంచి "ఇంకో బొట్టు" అనేది, ఒకోసారి "పొయ్యమను" అనేది. నేను ఊరుకున్నానా? పొయ్యమన్న ప్రతిసారీ, తిరిగి పరిగెత్తుతూనే ఆ పళ్ళెంలో నా వేళ్ళూ ముంచేదాన్ని. నువ్వు నేర్పకపోతేనేం, నేను దొంగతనంగా నేర్చుకుంటాను! ఇల్లు మారితే బొట్టు పదునూ కాస్త మారినట్టుండేది, నా వేళ్ళకింకా తెలియట్లేదులే అనుకుని మరింత గట్టిగా తడిమేదాన్ని.

రోజురోజుకీ అమ్మ నీరసపడింది. ఇంకో కొత్త అలవాటు చేసింది. వేలు ముంచే ముందు ప్రతిసారీ "ఎవరింటిది?" అని అడిగేది. టీచరమ్మ ఇంటిదమ్మా అని చెప్పి వెళ్ళి, ఐదు నిమిషాల్లో రెండో బొట్టు తెస్తే మళ్ళీ "ఎవరింటిది?" మందు మత్తులో మర్చిపోతోంది కాబోలు అనుకున్నాను. మర్చిపోయే మనిషి దగ్గర ఇంకెన్ని రోజులు దొంగిలించగలను?

మా ఇంటి అరిసెలు అందరికన్నా ఆఖర్న, పండగ ఇక రెండు రోజులుందనగా. నాయనమ్మ దొడ్లో పొయ్యి వెలిగించింది. అక్కణ్ణించి వంటిల్లు, నడవ, ముందు గది దాటితే వరండా. పరిగెత్తుకొచ్చి పళ్ళెం మంచం మీద పెట్టాను. అమ్మ కళ్ళు తెరవలేదు.

"ఎవరింటిది?" అంది.

"మనింటిదేనమ్మా."

చెయ్యి లేపబోయింది, లేవలేదు. నేనే ఆమె చెయ్యి పట్టుకుని నీళ్ళలో ముంచాను. వేళ్ళు కదల్లేదు. ఆ వేళ్ళు కదల్లేదు! "అమ్మా, చెప్పమ్మా! పాకం పోతోందమ్మా!" అని భుజం పట్టి ఊపేశాను. ప్రాణం పోతున్న మనిషిని పట్టుకుని నేను అన్న మాట అది.

"నువ్వు చూడు" అంది.

చూశాను. మెత్తగా జారుతూ, ఉండ కాబోయి ఆగినట్టుంది. ఇన్నిళ్ళ పళ్ళేల్లో నా వేళ్ళకి తగిలింది అదే. "వచ్చిందనుకుంటా" అన్నాను.

"అనుకోవడమేంటే? వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది."

"మరిక్కడేం చేస్తున్నావు? పో!"

నడవలో గడప తగిలి పడబోయి, గోడ పట్టుకుని, దొడ్లోకి ఉరికి "పొయ్ నాయనమ్మా!" అని అరిచాను. ఆ అరిసెలు కుదిరాయి. ఎంత కుదిరాయంటే నాయనమ్మ బాండీ ముందు కూర్చుని ఏడ్చేసింది. నేను ఒకటి తెచ్చి అమ్మ పెదాలకి తగిలించాను. మింగలేక పక్కకి తీసేసి, పిడికిట్లో పెట్టుకుంది. కాసేపు వాసన చూసింది.

"దొంగముండా, నేర్చేసుకుందామనేగా నీ ఎత్తు" అంది. నవ్విందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేను. "ఇంకొంచెం ఉందిలే దీంట్లో. లేచి కూర్చున్నాక చూపిస్తాను."

లేచి కూర్చోలేదు. పండగ వెళ్ళిన నాలుగో రోజు పొద్దున పోయింది.

చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా నూనె మూకుడు పెట్టకూడదని నాయనమ్మ పట్టు పట్టింది. అయ్యగారు "మన వాక్యంలో అట్లాంటిది లేదమ్మా" అని చెప్పి చూశారు. "వాక్యంలో లేకపోతేనేం అయ్యగారూ, నా కడుపులో ఉంది" అందావిడ. నాలుగంటే నాలుగు రోజుల తేడాలో తర్వాతి క్రిస్మస్ కూడా ఆ ఏడాదిలోనే పడింది. వీధిలో వాళ్ళు తలా నాలుగు అరిసెలు తెచ్చిచ్చారు. కొన్ని రాళ్ళు, కొన్ని పొడి. నాకు భయం పట్టుకుంది. రెండేళ్ళు ముట్టుకోకుండా ఉంటే నా వేళ్ళు మర్చిపోవూ? బళ్ళో బంక సీసాలో వేళ్ళు ముంచి చూసుకునేదాన్ని. అన్నం గంజిలో చూసుకునేదాన్ని. పిల్లలు నన్ను పిచ్చిదానిలా చూసేవాళ్ళు.

ఆ మరుసటి డిసెంబరుకి నేను పదో తరగతి. పక్కింటి పెద్దమ్మ, మూలింటత్త, టీచరమ్మ, అందరూ మా దొడ్లోకి పిండి తెచ్చుకుని మరీ వచ్చారు. "మీ అమ్మ చెయ్యి నీకొచ్చిందటగా, కానీ చూద్దాం" అన్నారు. నేను పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. బొట్టు వేసి, అమ్మలాగే మొహం తిప్పుకుని నీళ్ళలో తడిమాను. మెత్తగా, జారుతూ, ఉండ కాబోయి ఆగినట్టు. అదే! వేళ్ళు మర్చిపోలేదు! "పొయ్!" అన్నాను. టీచరమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుని పిండి పోసింది.

మొదటి అరిసె నూనెలో వెయ్యగానే విచ్చిపోయింది. రెండోదీ అంతే. నూనె నిండా మడ్డి. పోనీలే అని ఇంకో గిన్నె పెట్టాం. అదే బొట్టు, అదే పదును, మళ్ళీ మడ్డి. మూడోదీ అంతే. ఎవరన్నా తిట్టినా బాగుండేది. "చిన్నపిల్ల, వస్తుందిలే" అనుకుంటూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. నాన్న ఆ మడ్డి గిన్నెలో వేసుకుని చెంచాతో తింటూ "బాగానే ఉందమ్మా" అన్నాడు. గిన్నె లాక్కుని విసిరి కొట్టాను.

అప్పటిదాకా అమ్మ నా వేళ్ళలో ఉందనుకుని బతికాను. అందుకే చచ్చిపోయిన రోజు కూడా సరిగ్గా ఏడవలేదు. ఆ సాయంత్రం ఆ దొడ్లో కూర్చుంటే తెలిసింది, ఏమీ లేదని. తల్లి ప్రాణం పోతుంటే పాకం పాకం అని ఊపేసి, చివరికి ఆ పాకం కూడా దక్కించుకోలేకపోయానని.

"ఆఖరి బెల్లం ముక్కే, చూస్తావా, ఉంచమంటావా?" అంది నాయనమ్మ. పెట్టమన్నాను. నురుగు లేచింది. బొట్టు వేశాను. నా వేళ్ళు మళ్ళీ వచ్చింది అన్నాయి. ఛీ, ఈ వేళ్ళు! ఇక నా వల్ల కాలేదు. పళ్ళెం పట్టుకుని లేచి వంటింట్లోంచి, నడవలోంచి, ముందు గదిలోంచి వరండాలోకి పరిగెత్తాను. "చూడు! ఇది వచ్చిందా, రాలేదా? ఇంకొంచెం ఉందన్నావుగా, అదేంటో చెప్పి చావొచ్చు కదా!" అని గొంతు చించుకుని అరిచాను. మంచం ఉండాల్సిన చోట నాన్న సైకిలుంది.

ఎంత అరిస్తే ఏం లాభం. ముక్కు చీదుకుంటూ మళ్ళీ దొడ్లోకి పరిగెత్తాను. "పొయ్యనా వద్దా?" అంది నాయనమ్మ. "పొయ్, ఏదోటి పొయ్" అన్నాను.

ఆ అరిసె విచ్చుకోలేదు. నూనెలో చక్కగా పొంగి పైకి తేలింది. నాయనమ్మ దాన్ని చెక్కల మధ్య వత్తి, తుంచి నోట్లో వేసుకుని, నా వైపు తిరిగింది. "దాని చేతివేనే ఇవి" అంది.

అప్పుడు తెలిసింది నాకు. ఎవరింటిది అని ప్రతిసారీ ఎందుకు అడిగేదో. మత్తూ కాదు, మరుపూ కాదు. నేను వచ్చి వెళ్ళే లోపల అక్కడ పొయ్యి మీద పాకం ఎంత ముదురుతుందో, ఆ దూరాన్ని పట్టి ముందే పొయ్యమనేది. పై వీధి దొడ్డిగోడ బయట నిలబెడితే నేర్చుకున్న విద్య అది. నేను దొంగిలించింది పాకాన్ని కాదు, నా పరుగు కలిపి ఆమె చెప్పిన పాకాన్ని. ఆ ఇంకొంచెం, నా కాళ్ళలో ఉంది.

ఇప్పుడు నాకు గ్యాస్ పొయ్యి ఉంది. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ప్రతి డిసెంబరులోనూ నేను పాకం బొట్టు పళ్ళెంలో వేసుకుని వంటింట్లోంచి వీధి గేటు దాకా, మళ్ళీ వెనక్కీ పరిగెత్తుతాను. నలభై దాటిన ఆడమనిషిని. ఎదురింటివాళ్ళు తలుపులు తీసి మరీ చూస్తారు, ఆడపడుచు సిగ్గుతో చస్తుంది. "పొయ్యి దగ్గరే కూర్చుని ఇంకొంచెం ఆగితే సరిపోతుందిగా అమ్మా" అంటుంది మా అమ్మాయి. సరిపోతుంది. ఆ మాత్రం నాకు తెలియక కాదు. కూర్చుంటే అమ్మ దగ్గరికి వెళ్ళేదెట్లా?

గేటు దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. "మనింటిదేనమ్మా" అని చెప్పి, వెనక్కి పరిగెత్తుతాను.